గీతకు ఇవతల: పిల్లల లాక్రాస్ మైదానాల్లో పెద్దల గోల

పిల్లలు ఆడుకునే చోట పెద్దలు నోరు పారేసుకోవడాన్ని ఎలాగైనా ఆపాలని అమెరికా గట్టిగా పూనుకుని పాతికేళ్లు దాటింది. 1999 అక్టోబరులో ఉత్తర ఒహాయోలోని ఒక బాలికల సాకర్ లీగు, ఒక ఆదివారం మ్యాచ్‌లన్నిటికీ తల్లిదండ్రులు నోరు మెదపకుండా కూర్చోవాలని నియమం పెట్టింది. మరుసటి ఏడాది ఫ్లోరిడాలోని జూపిటర్ ఊళ్లో, పిల్లల్ని ఆటలో చేర్చాలంటే ముందు అమ్మానాన్నలు ప్రవర్తన గురించిన వీడియో పాఠం చూసి రావాలన్నారు. ఆ 2000 సంవత్సరం జులైలోనే మసాచుసెట్స్‌లో పిల్లల ఐస్ హాకీ సాధన దగ్గర ఒక తండ్రి ఇంకో తండ్రిని కొట్టాడు. దెబ్బలు తిన్నాయన చనిపోయాడు, కొట్టినాయన 2002లో జైలుకు వెళ్లాడు. అదే ఏడాది న్యూజెర్సీ చట్టం చేసింది: పిల్లల లీగులు ప్రవర్తనా నియమావళి పెట్టుకోవచ్చు, దాన్ని మీరినవాళ్లను మైదానానికి రానివ్వకుండా ఆపవచ్చు. ఇన్ని జరిగాక పరిస్థితి ఎంతో కొంత చక్కబడి ఉండాలి. కానీ అక్కడి జాతీయ క్రీడాధికారుల సంఘం 2017లో 17 వేలమందికి పైగా రెఫరీలను, అంపైర్లను అడిగినప్పుడు 57 శాతం మంది క్రీడాస్ఫూర్తి దిగజారుతోందన్నారు. దానికి ముఖ్య కారణం ఎవరంటే, ఎక్కువమంది వేలు చూపించింది తల్లిదండ్రులవైపే. 2023లో 35 వేలకు పైగా మందిని మళ్లీ అడిగితే, దిగజారుతోందన్నవాళ్లు 69 శాతం దాకా చేరారు.

సర్వేలో చెప్పిన మాటను యథాతథంగా నమ్మనక్కర్లేదు. పాత రోజులే మంచివనడం ఏ వృత్తిలోనైనా ఉన్నదే. విసిగిపోయినవాళ్లే ఇలాంటి ప్రశ్నలకు ముందుగా జవాబిస్తారు కూడా. అయితే చెప్పిన మాట ఒకటి, చేసిన పని ఇంకొకటి. హైస్కూలు క్రీడల జాతీయ సమాఖ్య లెక్క ప్రకారం 2018-19 తర్వాత మూడేళ్లలో దాదాపు 50 వేలమంది ఈల పక్కన పెట్టేశారు. మధ్యలో కోవిడ్ వచ్చింది కాబట్టి అంత భారమూ తల్లిదండ్రుల మీద వెయ్యడం అన్యాయమే. కానీ కోవిడ్‌కు ముందే, 2019 జనవరిలో, అదే సమాఖ్య అమ్మానాన్నలను ఉద్దేశించి కాస్త చల్లబడండి అని బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. కొత్తగా చేరిన రెఫరీల్లో అత్యధికులు రెండేళ్లు తిరక్కుండానే వెళ్లిపోతున్నారని ఆ లేఖ గోడు. పాతికేళ్లు ఇంత మందు వేసినా రోగం తగ్గలేదంటే, మోతాదు చాలలేదా, రోగాన్నే సరిగ్గా పోల్చుకోలేదా? రెండోదే నిజమని నా వాదన. దీన్ని అందరూ మర్యాద సమస్యగా చూశారు. అసలు లోపం ఏర్పాట్లలో ఉంది: ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరికి ఎవరు జవాబుదారీ, నోరు జారితే నష్టం ఎవరికి అన్నవి తేల్చకుండా వదిలేసిన లోపం అది. లాక్రాస్‌ను తీసుకుని చూస్తే ఈ సంగతి మిగతా ఆటల్లోకంటే స్పష్టంగా కనిపిస్తుంది.

చివర వలసంచి ఉన్న కర్రతో గట్టి రబ్బరు బంతిని పట్టుకుని, విసిరి, గోలులో వేసే ఈ ఆట ఉత్తర అమెరికా ఆదివాసులది. హౌడెనోషోనీ ప్రజలు దీన్ని సృష్టికర్త ఇచ్చిన ఆటగా భావిస్తారు. జబ్బుపడినవాళ్ల స్వస్థత కోరి ఆడే ఆచారం కూడా వాళ్లలో ఉంది. ఇవాళ ఇది తూర్పు తీరపు బడుల్లో, నగర శివార్లలో, ఖర్చుపెట్టగల కుటుంబాల మధ్య వేళ్లూనుకున్న ఆట. 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే క్రికెట్‌కూ లాక్రాస్‌కూ కలిపి 2028 లాస్ ఏంజెలెస్ పోటీల్లో చోటు దొరికింది. పతక పోటీలుగా రెండూ నూరేళ్ల పైచిలుకు తర్వాత తిరిగి వస్తున్నవే. మన దగ్గర పేపర్లు సహజంగానే క్రికెట్ గురించి రాసి ఊరుకున్నాయి. కానీ న్యూజెర్సీ, వర్జీనియా, డాలస్ శివార్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు రెండో ఆట కూడా పరాయిదేం కాదు. బడిలో స్నేహితులు ఆడుతున్నారని పిల్లలు కర్ర కొనిపెట్టమంటారు. ఆ తల్లిదండ్రులకు నియమాలు తెలియవు. ఇక్కడ అసలు విషయం ఏమిటంటే, వాళ్ల పక్కన నిలబడ్డ అమెరికన్ తల్లిదండ్రుల్లో కూడా చాలామందికి తెలియవు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ చూస్తూ పెరిగిన తరానికి లాక్రాస్ తమ పిల్లలతోపాటే పరిచయమైన ఆట.

తెలియకపోవడం ఎక్కడ మంట పెడుతుందో చూడండి. మగపిల్లల ఆటలో బంతి ఉన్నవాడి కర్రను కర్రతో కొట్టవచ్చు. కర్రను పట్టుకున్న గ్లవ్ చెయ్యి కూడా కర్రలో భాగమే. కాబట్టి ప్రత్యర్థి తన కొడుకు చేతి మీద టకటకా కొడుతుంటే తల్లి గుండె గుభేలుమంటుంది, రెఫరీ మాత్రం చూస్తూ పరిగెత్తుతూనే ఉంటాడు. ఆయన చేస్తున్నది సరైన పనే. ఆడపిల్లల ఆటలో దీనికి పూర్తిగా తలకిందులైన దృశ్యం కనిపిస్తుంది. గోలు వెయ్యబోతున్న అమ్మాయికీ గోలుకూ మధ్యలో, ఎవరినీ దగ్గరగా కాచుకోకుండా ఊరికే నిలబడ్డ రక్షకురాలి మీద ఫౌల్ ఊదుతారు. బంతి తగిలి గాయపడకూడదని పెట్టిన నియమం అది. నియమం తెలియని కంటికి మాత్రం ఏమీ చెయ్యని పిల్లకు శిక్ష వేసినట్టే ఉంటుంది. మళ్లీ మగపిల్లల ఆటలో, శరీరంతో గుద్దడం చిన్న వయసుల్లో నిషిద్ధం, పెద్ద పిల్లలకు కొంతమేర అనుమతి. అన్నయ్య మ్యాచ్ చూసి తమ్ముడి మ్యాచ్‌కు వచ్చిన తండ్రికి అదే దెబ్బకు రెండు తీర్పులు వినిపిస్తాయి. వీళ్లందరి నోటా వచ్చే మాట ఒక్కటే, తొండి. ఆ మాట పడేది ఎక్కువసార్లు ఎవరిమీదంటే, చిన్న వయసుల మ్యాచ్‌లు నడుపుతూ పని నేర్చుకుంటున్న హైస్కూలు కుర్రవాడి మీద.

కానీ అజ్ఞానం ఒక్కటే అయితే ఒక పూట పాఠంతో తీరిపోయేది. దాని కింద ఇంకో పొర ఉంది. మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన గోల్డ్‌స్టీన్, ఐసో-అహోలా వాషింగ్టన్ శివార్లలోని 340 మంది సాకర్ తల్లిదండ్రులను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. సగానికి పైగా మంది ఆ రోజు మ్యాచ్‌లో ఏదో ఒక మేరకు కోపం వచ్చిందని ఒప్పుకున్నారు. పిల్లవాడి ఆటను తన ప్రతిష్ఠగా తీసుకునేవాళ్లు, ఎదుటివాళ్లు తమను తక్కువ చేస్తున్నారని తొందరగా అనిపించేవాళ్లు ఎక్కువ రెచ్చిపోయారు. దీనికి డబ్బు తోడవుతుంది. యూటా స్టేట్ విశ్వవిద్యాలయంలో ట్రావిస్ డోర్ష్ బృందం 2016లో చూపించింది ఇది: కుటుంబం తన ఆదాయంలో ఎంత ఎక్కువ వాటా పిల్లల ఆటకు పెడితే, పిల్లలకు అంత ఎక్కువ ఒత్తిడి తెలుస్తుంది, ఆట మీద సంతోషం అంత తగ్గుతుంది. ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ 2019లో లెక్కగడితే లాక్రాస్ ఆడే పిల్ల మీద కుటుంబం సగటున ఏడాదికి 1,289 డాలర్లు ఖర్చు పెడుతున్నట్టు తేలింది. అక్కడి ఖరీదైన పిల్లల ఆటల్లో అదొకటి. ఐఐటీ కోచింగ్‌కు లక్షలు కట్టిన తండ్రి వారం పరీక్ష మార్కులు చూసే చూపు ఎలాంటిదో తెలుగు పాఠకులకు వివరించనక్కర్లేదు. తేడా ఒకటే, ఆ తండ్రిని పరీక్ష హాల్లోకి రానివ్వరు.

పిల్లలకు కావలసింది వేరు. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అమాండా విసెక్ బృందం సాకర్ పిల్లల్ని ఆటలో సరదా అంటే ఏమిటని అడిగి 81 అంశాలు రాబట్టింది. గెలవడం వాటిలో 48వది. కష్టపడి ఆడటం, జట్టులో కలిసిమెలిసి ఉండటం, కోచ్ మంచిగా చూడటం పైవరసలో నిలిచాయి. ఈ సందర్భంలో, 70 శాతం పిల్లలు 13 ఏళ్లకల్లా ఆటలు మానేస్తారన్న సంఖ్యను ప్రతి ఉపన్యాసంలోనూ వల్లిస్తారు. దాన్ని మొదట ఎవరు, ఏ లెక్కన తేల్చారని వెనక్కి వెళితే నేల గట్టిగా తగలదు. పిల్లలు మానేయడానికి చదువు, స్నేహితులు, ఇంకో ఆట, ఇలా సవాలక్ష కారణాలుంటాయి. ఆ సంఖ్య లేకపోయినా ఈ వాదన నిలుస్తుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టేస్తున్నాను.

ఇప్పుడు మందుల సంగతి. మొదటి రకం హితబోధ. వీళ్లు పిల్లలు, రెఫరీలు మనుషులే, కోచ్‌లు జీతంలేని స్వచ్ఛంద సేవకులు అని మైదానం గేటు దగ్గర బోర్డు పెడతారు. సీజను మొదట్లో ప్రవర్తనా పత్రం మీద సంతకం తీసుకుంటారు. మౌన దినాలు పెడతారు. 2017లో సౌత్ కరోలైనా సాకర్ సంఘమైతే ఏకంగా సెప్టెంబరు నెలంతా మౌనం పాటించమంది. కొన్ని లీగుల్లో తల్లిదండ్రుల నోట్లో పెట్టడానికి లాలీపాప్‌లు పంచుతారు, అరవడం ఎవరికి అలవాటో వాళ్లే ముందు నవ్వుతారు. వీటివల్ల నష్టం లేదు, పైగా మౌన దినం నాడు పిల్లలు ఒకరినొకరు పిలుచుకోవడం వినబడుతుంది. కానీ ఇవి పని చేసేది ఎవరికి అవసరం లేదో వాళ్లమీదే. కోపం వచ్చినవాడు పోయిన ఫిబ్రవరిలో తాను పెట్టిన సంతకాన్ని గుర్తు తెచ్చుకోడు. అన్నిటికంటే ముఖ్యంగా, హితబోధ అంతా ఒక ఊహ మీద నిలబడి ఉంది: అరిచి లాభం లేదు, ఆ సంగతి తెలిస్తే మానేస్తారు అని. ఆ ఊహ తప్పు. ఇంగ్లండులో నెవిల్, బామర్, విలియమ్స్ 40 మంది రెఫరీలకు ఒకే ఫుట్‌బాల్ మ్యాచ్ వీడియో చూపించారు, సగం మందికి జనం హోరుతో, సగం మందికి హోరు లేకుండా. హోరు విన్నవాళ్లు సొంతగడ్డ జట్టు మీద 15 శాతం పైగా తక్కువ ఫౌళ్లు ఇచ్చారు. అనుభవమున్న రెఫరీలే అంత వంగినప్పుడు పదహారేళ్ల కుర్రవాడి సంగతి చెప్పాలా? అరుపు కొంత గిట్టుబాటవుతుంది. గిట్టుబాటయ్యే పనిని సుభాషితాలతో ఆపలేం, దానికి వెల కట్టాలి.

వెల కట్టడమంటే కొందరికి వెంటనే చట్టం గుర్తొస్తుంది. రెఫరీల మీద చెయ్యి చేసుకుంటే ప్రత్యేక శిక్షలు వేసే చట్టాలు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. దాడి జరిగినప్పుడు అవి కావలసిందే, అంతవరకే. శనివారం పొద్దున పదింటికి నలభై నిమిషాలపాటు గొంతు చించుకునే మనిషిని ఏ పోలీసూ పట్టుకుపోడు, పట్టుకుపోకూడదు కూడా. ఇంకో దారి అల్లరి పెట్టడం. ఓక్లహోమాలో ఒక సాకర్ రెఫరీ, తల్లిదండ్రుల ఆగడాల వీడియోలు పంపితే 100 డాలర్లిస్తానని ప్రకటించి 2018లో దేశమంతటా వార్తల్లోకెక్కాడు. ఆ వీడియోను సోమవారం బడిలో చూసేది ఆ పిల్లవాడి తరగతి మొత్తం. తండ్రి తప్పుకు కొడుకు తలదించుకోవాల్సిన శిక్ష మందులా అనిపించదు నాకు. వీటికంటే తెలివైన ప్రయోగం 2023 ఏప్రిల్లో న్యూజెర్సీలోని డెప్ట్‌ఫర్డ్ లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ లీగు చేసింది. అంపైర్లు విసిగి మానేస్తుంటే, ఇకనుంచి అంపైర్‌ను తిట్టిన తల్లిగానీ తండ్రిగానీ మూడు మ్యాచ్‌లకు తామే అంపైరింగ్ చేశాకే మళ్లీ ప్రేక్షకుల్లో కూర్చోవాలని నియమం పెట్టింది. ఇందులో శిక్షకంటే చదువు ఎక్కువ.

లాక్రాస్ దగ్గర ఇంతకంటే మంచి సాధనం ఉంది, దాన్ని నిద్రపుచ్చారంతే. పిల్లల లాక్రాస్‌లో జట్ల బెంచీలు, కోచ్‌లు మైదానానికి ఒక పక్కన, ప్రేక్షకులు అవతలి పక్కన ఉంటారు. దూరం మంచిదే, కోచ్ చెవిలో తల్లిదండ్రులు గుసగుసలాడకుండా ఆపుతుంది. కానీ దాని ఇంకో ఫలితాన్ని ఎవరూ పట్టించుకోరు: తన జట్టు తల్లిదండ్రులు ఏమంటున్నారో కోచ్‌కే వినబడదు. ఆ ఖాళీని పూరించడానికే ఈ ఆట జాతీయ సంస్థ, ఇప్పటి యూఎస్ఏ లాక్రాస్, సైడ్‌లైన్ మేనేజర్ అనే పాత్రను ఏర్పరిచింది. ప్రేక్షకుల మధ్యే నిలబడి, నోరు లేస్తున్నప్పుడే దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసే మనిషి. మన ఊళ్లలో ఇలాంటివాళ్లను పెద్దమనిషి అంటాం. దాంతోపాటే స్పోర్ట్స్‌మన్‌షిప్ కార్డు పద్ధతి వచ్చింది. గోల మితిమీరితే రెఫరీ ప్రేక్షకులతో వాదనకు దిగకుండా ఆట ఆపి కోచ్‌లతో మాట్లాడి, చక్కబెట్టే పని వాళ్లకు అప్పగించవచ్చు. ఈ ఏర్పాటులోని తెలివంతా ఆ చివరి ముక్కలో ఉంది. రెఫరీ చేతిలో ఉన్నది ఆట, జనం కాదు. పిల్లల ఆటల్లో జరిగే గొడవల్లో చాలాభాగం, ఒంటరిగా ఉన్న రెఫరీ గీత దాటి ఒక తండ్రికి జవాబిచ్చిన క్షణం నుంచే ముదురుతాయి.

కోచ్‌ను బాధ్యుణ్ణి చేస్తే ఫలితం ఉంటుందనడానికి పాత ఆధారం ఒకటుంది. సియాటెల్‌లో స్మిత్, స్మోల్ అనే మనస్తత్వవేత్తలు కొందరు లిటిల్ లీగ్ కోచ్‌లకు పిల్లలతో మాట్లాడే తీరులో కొద్దిపాటి శిక్షణ ఇచ్చారు. మరుసటి సీజన్‌కు ఆ కోచ్‌ల పిల్లల్లో 5 శాతం మాత్రమే తిరిగి రాలేదు. శిక్షణ లేని కోచ్‌ల పిల్లల్లో 26 శాతం రాలేదు. ఇది తల్లిదండ్రుల మీద చేసిన పరిశోధన కాదు, దాన్ని సాగదీయకూడదు. కానీ పెద్దల ప్రవర్తన మారాలంటే ఎక్కడ పట్టుకోవాలో అది చెబుతోంది: వందమంది తల్లిదండ్రులను మార్చడంకంటే నలుగురు కోచ్‌లను మార్చడం సులువు, ఆ తల్లిదండ్రులు భయపడేది కూడా ఆ నలుగురికే. మా అబ్బాయిని ఆడనిస్తాడా లేదా అన్నది తేల్చేది రెఫరీ కాదు కదా. ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చడం కూడా కొత్త కాదు: ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం 2008లో రెస్పెక్ట్ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు నినాదాలతో ఆగలేదు, ప్రేక్షకులకు తాడు కట్టి వేరే చోటు చూపించింది.

ఇలా కోచ్‌ల ద్వారా అరుపుకు వెల కట్టడానికి అభ్యంతరాలున్నాయి, అన్నీ కొట్టిపారేసేవి కావు. కోచ్ చెప్పినా ఆగని పెద్దల నోటి తప్పుకు జట్టుకు పెనాల్టీ వేస్తే పిల్లలకు శిక్ష వేసినట్టు కాదా అంటారు. అవును, కొంతవరకు అంతే. అందుకే అది చివరి మెట్టు కావాలి, మొదటిది కాదు. కానీ పెనాల్టీ లేకపోయినా పిల్లలు ఇప్పటికే మూల్యం చెల్లిస్తున్నారు, రెఫరీ దొరక్క రద్దయిన మ్యాచ్ రూపంలో. జట్టు మీద పడుతుందన్న భయం ఉంటే, పక్కనున్న తల్లిదండ్రులే ఆ అరిచేవాణ్ణి కూర్చోబెడతారు. ఇంకొందరు, లోకం మెత్తగా ఉండదు, పిల్లలు రాటుదేలాలి అంటారు. పిల్లలు రాటుదేలడానికి ప్రత్యర్థి ఉన్నాడు, ఓటమి ఉంది, వర్షం ఉంది. సొంత తండ్రి నలుగురిలో పరువు తీసుకుంటుంటే చూసి రాటుదేలినవాడు ఏం నేర్చుకుంటాడో వాళ్లే చెప్పాలి. రెఫరీలు నిజంగానే తప్పులు చేస్తారన్నది మూడో అభ్యంతరం, ఇది న్యాయమైనది. చేస్తారు, కొత్తవాళ్లు ఎక్కువే చేస్తారు. దానికి దారులున్నాయి: కోచ్ విరామంలో అడగవచ్చు, లీగు తర్వాత రెఫరీల నియామకుడికి రాసి పంపవచ్చు. ఇరవయ్యేళ్ల అనుభవమున్న రెఫరీ కావాలంటే, ఇవాళ తప్పు చేస్తున్న ఈ కుర్రవాడు ఇరవయ్యేళ్లు నిలబడితేనే దొరుకుతాడు. నాలుగోది అన్నిటికంటే కష్టమైనది: తోటి తల్లిదండ్రుల్లో ఒకరు పెద్దమనిషిగా నిలబడి, రేపు ఒకే కారులో పిల్లల్ని పంపుకోవలసిన ఇరుగుపొరుగును ఎలా మందలిస్తారు? మొహమాటం నిజమే. అందుకే ఆ పాత్రను ఎవరో ఒకరు చూస్తారులే అని వదిలేసిన చోట అది చచ్చిపోయింది. మ్యాచ్‌కు ముందు పేరు రెఫరీకి చెప్పాలి, మెడలో బిళ్ల ఉండాలి, ఆ పేరు లేకపోతే ఈల మోగకూడదు. అప్పుడు మందలించేది పక్కింటాయన కాదు, పదవి.

ఒత్తిడి ఎక్కడ పుడుతోందో అక్కడ ఏర్పాటు మారిస్తే ఎంత తేడా వస్తుందో లాక్రాస్‌కు తెలియనిది కాదు. ఒకప్పుడు విశ్వవిద్యాలయాల కోచ్‌లు ఎనిమిదో తరగతి పిల్లలకే సీటు మాట ఇచ్చేసేవాళ్లు. అంటే పదమూడేళ్ల పిల్లవాడి మ్యాచ్‌లో ప్రతి తప్పూ తండ్రి కంటికి కాలేజీ సీటు చేజారినట్టే. కోచ్‌ల సంఘాలే అడిగితే, కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 2017 ఏప్రిల్లో నియమం మార్చింది. హైస్కూలు మూడో ఏడాది సెప్టెంబరు 1కి ముందు మొదటి శ్రేణి కోచ్‌లు ఆటగాళ్లతో ప్రవేశం గురించి మాట్లాడకూడదు. తల్లిదండ్రులకు ఎవరూ నీతి చెప్పలేదు, పందెం వెయ్యాల్సిన వయసును మాత్రం పైకి జరిపారు.

ఇంకా చెయ్యి పడని చోటు వేసవి క్లబ్ టోర్నమెంట్లు. ఊరి లీగుకు ఒక బోర్డు ఉంటుంది, వచ్చే ఏడాదీ అదే మొహాలు కనిపిస్తాయి. టోర్నమెంటు వ్యాపారం, జట్లు కట్టే రుసుమే దాని ఆదాయం. రుసుము కట్టిన క్లబ్‌ను మధ్యలో ఇంటికి పంపడం నిర్వాహకుడికి కడుపు మీద కొట్టుకోవడమే. రెండు రోజుల్లో వందల మ్యాచ్‌లు, రాష్ట్రాలు దాటి వచ్చిన కుటుంబాలు, హోటలు ఖర్చు, ఎండ, మళ్లీ ఎప్పటికీ కనబడని రెఫరీ. నోరు జారడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. అక్కడ నిర్వాహకుడి మంచితనం మీద ఆధారపడి లాభం లేదు. కానీ అతనికి లేనిది, దొరకనిది ఒకటుంది, రెఫరీలు. వాళ్లను సర్దేది స్థానిక రెఫరీల సంఘాలు. సైడ్‌లైన్ మేనేజర్ల పేర్లు ముందే ఇవ్వని, గెంటేసిన ప్రేక్షకుణ్ణి మరుసటి మ్యాచ్‌కు గేటు దగ్గరే ఆపని టోర్నమెంటుకు మావాళ్లు రారని ఆ సంఘాలు ఒప్పందంలో రాసుకోవచ్చు. రెఫరీల కొరత ఇన్నాళ్లూ ఈ ఆటకు శాపంగానే ఉంది; ఒప్పందం బల్ల దగ్గర మాత్రం అదే వాళ్ల బలం.